కుక్కల బెడదపై ఇచ్చిన మాట చట్టం దాటకుంట నిలబెట్టాలంటే పంచాయతీల ఏం చేయాలె?

ప్రశ్న: పరకాల వార్డు మెంబర్

అందరికి నమస్తే. పరకాల దిక్కు ఒక చిన్న పంచాయతీల డిసెంబర్ 2025 ఎన్నికలల్ల వార్డు మెంబర్‌గ గెలిచిన. మా దగ్గర సర్పంచ్‌కు నిలబడ్డోళ్లందరు ఇంటింటికి పోయి చెప్పింది ఒక్కటే, కుక్కలు, కోతులు లేకుంట చేస్తమని. ఇప్పుడు జనం అడుగుతున్నరు. అడిగేది న్యాయమే. బడికి పోయే పిల్లల వెంట కుక్కలు పడుతున్నయ్, మేకపిల్లలను పీకుతున్నయ్. పాలకవర్గంల కొందరు "పట్టేటోళ్లను పిలిస్తే ఒక్క రాత్రిల అయిపోతది, బిల్లు పారిశుధ్యం కింద రాసుకోవచ్చు" అంటున్నరు. జనవరిల మన హనుమకొండ జిల్లాలనే కుక్కలకు విషం సూదులు వేయించిన్రని కేసులై సర్పంచుల పేర్లు ఎక్కినయ్. అయినా ఆ మాట ఆగుతలేదు.

నాకు పిల్లలు భయం లేకుంట తిరగాలె, కుక్కలు చావొద్దు. పంచాయతీ లోపల ఉండి దీన్ని పద్ధతిగ ఎట్ల చేయాలె? పైసలు ఏడికెళ్లి వస్తయ్? ఎవలన్న రాత్రికి రాత్రి విషం పెడితే కేసు నిలబడాలంటే ఏం చేయాలె? ఇంకోటి, మా తమ్ముడు మామునూరు వెటర్నరీ కాలేజీల ఆఖరి సంవత్సరం. మూగజీవాలకు ఎక్కువ చేయాలంటే పశువైద్యుని ఉద్యోగం మంచిదా, గ్రూప్స్ రాసి ఆఫీసరైతే మంచిదా, రాజకీయాలల్లకు వస్తే మంచిదా?

జవాబు: ఫైలు నడక

తమ్మీ, ముందు మీ చేతిలో ఏముందో చూద్దాం. వార్డు సభ్యుడికి చెక్కు పవర్ లేదు. 2018 పంచాయతీరాజ్ చట్టంలో అది సర్పంచ్‌కు, ఉపసర్పంచ్‌కు ఉమ్మడిగా ఇచ్చారు. కానీ సమావేశంలో మాట్లాడే హక్కు, మీ అభ్యంతరాన్ని మినిట్స్ పుస్తకంలో రాయించే హక్కు మీకున్నాయి. ఆ పుస్తకమే మీ బలం. "పట్టేటోళ్లను పిలుద్దాం" అన్న మాట ఎజెండాకు వస్తే నోటితో వద్దంటే చాలదు. "ఇది జంతు జనన నియంత్రణ నిబంధనలు 2023కు విరుద్ధం, నేను అసమ్మతి తెలుపుతున్నాను" అని కార్యదర్శితో రాయించి సంతకం పెట్టండి. చట్టవిరుద్ధమైన తీర్మానాన్ని ఆపే అధికారం కలెక్టర్‌కు ఉంది, మీ అసమ్మతి నకలు జతచేసి సోమవారం ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి.

సర్పంచ్‌ను జాలి మాటలతో ఒప్పించాలని చూడకండి. ఆయన మీద ఉన్న ఒత్తిడి నిజమైనది. ఆయనకు చూపించాల్సింది వేరే. పారిశుధ్యం పద్దు కింద రాసిన దొంగ బిల్లు అంటే తీర్మానం, ఓచర్, చెల్లింపు, మూడూ కాగితం మీద ఉన్నట్టే. కుక్కలు చచ్చాక కేసైతే పోలీసులు మొదట అడిగేవి అవే. కుక్కల కేసు ఎటు పోయినా నిధుల దుర్వినియోగం విడిగా మెడకు చుట్టుకుంటుంది. ఈ మాట విన్నాక ఏ సర్పంచైనా ఒకసారి ఆగి ఆలోచిస్తాడు. అప్పుడే సక్రమమైన దారిని ముందు పెట్టాలి. దారి చూపకుండా వద్దంటే ఆ పట్టేవాళ్ల ముఠానే గెలుస్తుంది.

ఇక ఆ దారి. 2023 నిబంధనల ప్రకారం వీధికుక్కల సంతాన నియంత్రణ బాధ్యత స్థానిక సంస్థది, అందులో పంచాయతీ కూడా ఉంది. చేసే సంస్థకు భారత జంతు సంక్షేమ బోర్డు ఇచ్చే ప్రాజెక్టు గుర్తింపు పత్రం ఉండి తీరాలి. పత్రంలో ఊరి పేరు, గడువు తేదీ చూడండి. వేరే జిల్లాకు ఇచ్చిన పత్రం చూపించి ఇక్కడ పని చేస్తామనేవాళ్లు వస్తారు.

ఒక్క పంచాయతీ తన ఒక్క ఊరికోసం ఆపరేషన్ కేంద్రం నడపలేదు, నడపనక్కర్లేదు. పది ఊళ్లు కలిసి మండల పరిషత్ అభివృద్ధి అధికారి (ఎంపీడీఓ) దగ్గర మండలం పనిగా పెట్టించండి. పది ఊళ్లలో కలిపి 1,200 కుక్కలున్నాయనుకుందాం. లక్ష్యం 70 శాతం, అంటే 840. రోజుకు పది ఆపరేషన్లు చొప్పున 84 పనిదినాలు, వారానికి ఐదు రోజులైతే సుమారు నాలుగు నెలలు. ఒక్కో కుక్క ముందు రోజు సాయంత్రం వస్తుంది, పన్నెండు గంటలు పస్తు ఉంచుతారు, ఆపరేషన్ తర్వాత కనీసం నాలుగు రోజులు ఉంటుంది. కాబట్టి రోజుకు పది చేయాలంటే కుక్కను విడిగా ఉంచే గదులు కనీసం 50 కావాలి. పథకాలు చెడేది ఇక్కడే. 20 గదులు కట్టి రోజుకు పది ఆపరేషన్లు అని కాగితం మీద రాస్తారు, గదులు చాలక రెండో రోజే కుక్కను వదిలేస్తారు, కుట్లు ఊడి పేగులు బయటికి వస్తాయి. టెండర్ వచ్చినప్పుడు ధర కంటే ముందు గదుల లెక్క అడగండి.

ఖర్చు: బోర్డు సూచించిన రేటు పట్టడం, వదలడంతో కలిపి కుక్కకు 1,650 రూపాయలు. 840 కుక్కలకు 13,86,000. పది పంచాయతీలకు పంచితే ఒక్కోదానికి 1,38,600. 2025లో కేంద్రం సవరించిన పథకంలో కుక్కకు 800 రూపాయల సాయం ఉంది. దరఖాస్తు పెట్టండి, కానీ అది వస్తుందని లెక్కేసి పని మొదలుపెట్టొద్దు. వరంగల్ కార్పొరేషన్‌కు చింతగట్టు దగ్గర కేంద్రం ఉంది, కొత్తది కట్టే ముందు అక్కడ గదులు ఖాళీగా ఉండే రోజులను ఒప్పందం మీద వాడుకోవచ్చా అని కలెక్టర్ ద్వారా అడిగించండి.

నాలుగు నెలల్లో ముగించాలని ఎందుకంటున్నానంటే, ఆడకుక్క ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది, సుమారు 63 రోజులు మోస్తుంది. అదే 840ని రెండేళ్లు సాగదీస్తే చేసినదాన్ని కొత్త పిల్లలు మింగేస్తాయి. ఆడవాటిని ముందు పట్టాలి. ఊళ్లవారీగా ముగించుకుంటూ పోవాలి, ప్రతి ఊళ్లో పది పది చొప్పున కాదు.

జవాబు: పశువుల దవాఖాన

పైన చెప్పింది సరైనదే. వైద్యం వైపు కొన్ని కలుపుతాను.

ఆపరేషన్ల కంటే ముందు ఒక్క నెలలో చేయగలిగింది రేబిస్ టీకా. దీనికి గదులు అక్కర్లేదు. మూడు నెలలు దాటిన ప్రతి కుక్కకు 1 మిల్లీలీటరు, ఏడాదికోసారి. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐస్ బాక్సులో సీసా నేరుగా ఐసుకు తగలకుండా గుడ్డ చుట్టండి, గడ్డకడితే టీకా పనికిరాదు, పైకి చూస్తే తేడా తెలియదు. వేసిన వెంటనే వీపు మీద రంగు పూయాలి. మరుసటి రోజు తెల్లవారుజామున అవే వీధుల్లో తిరిగి రంగున్నవెన్ని, లేనివెన్ని అని రాసుకుంటే ఎంత శాతం అయిందో తెలుస్తుంది. ఏటా జులై 6న జూనోసిస్ దినం సందర్భంగా పశుసంవర్ధక శాఖ ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంది. పెంపుడు కుక్కల్ని ఆ రోజుకే తెప్పించండి, వీధికుక్కలకు డోసులు కావాలని మే నెలలోనే మండల పశువైద్యాధికారికి పంచాయతీ లెటర్ హెడ్ మీద ఇండెంట్ ఇవ్వండి. జులైలో అడిగితే ఉండవు.

కరిచినవాళ్ల విషయం కూడా పంచాయతీ పనే. సబ్బుతో ధారగా నీళ్లు పోస్తూ 15 నిమిషాలు కడగాలి, పసుపు, కారం, సున్నం పెట్టకూడదు, అదే రోజు పీహెచ్‌సీకి పోవాలి. చర్మంలోకి ఇచ్చే టీకా అయితే 0, 3, 7, 28 రోజుల్లో. చాలామంది రెండు సూదులతో ఆపేస్తారు. ఆశా కార్యకర్త దగ్గర కరిచినవాళ్ల రిజిస్టర్ పెట్టించి మూడో, నాలుగో డోసు వెంటపడితే ఊళ్లో భయం సగం తగ్గుతుంది. అదే రిజిస్టర్‌లో ఎక్కడ కరిచింది, ఏ టైముకు అని రాయిస్తే కొన్ని వారాల్లో ఒక సంగతి కనబడుతుంది: కాట్లు ఊరంతా ఉండవు. చికెన్ షాపు వెనక, పిల్లల్ని పెట్టిన తల్లికుక్క ఉన్న సందులో, చచ్చిన గొడ్లను పడేసే చోట ఉంటాయి. మేకపిల్లల్ని పీకడం కూడా ఆ చివరి చోటుకు దగ్గర్లోనే జరుగుతుంది, అక్కడ గుంపుగా తిని పచ్చి మాంసానికి అలవాటు పడతాయి. ఆరడుగుల గుంత, సున్నం, మట్టి. మాంసం షాపుల లైసెన్సులో మూత ఉన్న డబ్బా, రోజువారీ తరలింపు షరతు పెట్టండి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, వచ్చే సమావేశంలోనే చేయొచ్చు.

ఇక ఆపరేషన్ నాణ్యత. బిల్లు కుక్కల ఫొటోల మీద పాస్ చేయొద్దు, తీసిన అవయవాల లెక్క మీద చేయాలి. వాటిని 10 శాతం ఫార్మలిన్‌లో భద్రపరిచి, పర్యవేక్షణ కమిటీ ముందు లెక్కించి, రాసుకున్నాకే దహనం చేయాలి. మగకుక్కకు రెండు వృషణాలు. ఆడకుక్కకు వై ఆకారంలో గర్భసంచి, రెండు కొమ్ముల చివర రెండు అండాశయాలు. లెక్కపెట్టేవాళ్లు రెండు కొసలూ చూడాలి. కుడి అండాశయం ఎడమదానికంటే లోపలికి, పైకి ఉంటుంది, తొందరలో దాని ముక్క లోపలే మిగిలిపోతుంది. ఆ కుక్క మళ్లీ ఎదకు వస్తుంది, వెనక మగకుక్కలు గుంపు కడతాయి, ఊరు "ఆపరేషనంతా మోసం" అంటుంది. ఒక్క కుక్క చాలు పథకం పేరు పోవడానికి. ఆపరేషన్ అయిందన్న గుర్తుగా చెవికి కోత అదే మత్తులో పెట్టాలి, అది దూరం నుంచి కనబడాలి, లేకుంటే అదే కుక్కను మళ్లీ పట్టుకొచ్చి కడుపు కోస్తారు.

పట్టేటప్పుడు ఇనుప పటకారు, తీగ ఉచ్చు వద్దు, మెడ కోసుకుపోతుంది. వల వాడాలి. ఆరు నెలలు నిండని పిల్లల్ని, పాలిచ్చే తల్లుల్ని వదిలేయాలి. ప్రతి కుక్కకు మెడలో నంబరు, పట్టిన వీధి పేరు రిజిస్టర్‌లో ఉండాలి. తిరిగి అదే వీధిలో వదలాలి. వేరే చోట వదిలితే అక్కడి కుక్కలు తరుముతాయి, భయంలో ఉన్న కుక్కే ఎక్కువగా కరుస్తుంది, ఇక్కడ ఖాళీ అయిన జాగాలోకి ఆపరేషన్ కానివి వస్తాయి.

మీ తమ్ముడి గురించి కింద ఎవరైనా వివరంగా చెబుతారు. నా మాట మటుకు పశువైద్యం చదివినవాడు ముందు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ కావాలి. పోస్టుమార్టం నివేదిక, రవాణాకు పశువు తగినదా అన్న సర్టిఫికెట్, వధకు ముందు పరీక్ష, ఇవన్నీ ఆ సంతకం మీదే నడుస్తాయి.

జవాబు: సెక్షన్లు చూసేవాడు

విషం పెడితే ఏం చేయాలన్న ప్రశ్నకు. ఇలాంటి కేసులు ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే పాడవుతాయి.

1960 జంతు హింస నివారణ చట్టంలో సెక్షన్ 11 కింద మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలే. పైగా ఆ సెక్షన్‌లో అన్నీ పోలీసులు నేరుగా కేసు పెట్టదగినవి కావు. సెక్షన్ 31 ప్రకారం 11(1)లోని ఎల్, ఎన్, ఓ క్లాజులు, సెక్షన్ 12 మాత్రమే కాగ్నిజబుల్. కొట్టడం, ఎక్కువ బరువు వేయడం లాంటివి ఈ క్లాజుల్లోకి రావు, వాటికి మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా దర్యాప్తు నడవదు. ఠాణాలో "ఇది మాది కాదు" అంటే కొన్నిసార్లు నిజంగానే చట్టం అలా ఉంది. విషం కేసులో మాత్రం అలా కాదు. విషపు ఇంజెక్షన్లతోనో మరో క్రూరమైన పద్ధతిలోనో చంపడం క్లాజు ఎల్ కిందికి వస్తుంది. దానికి తోడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325, జంతువును చంపడం, విషం పెట్టడం, అంగవైకల్యం కలిగించడం, ఐదేళ్ల వరకు శిక్ష. ఫిర్యాదులో రెండూ రాయండి.

ఒక గడువు గుర్తుంచుకోవాలి. 1960 చట్టం కింద నేరం జరిగిన మూడు నెలల్లోపే ప్రాసిక్యూషన్ మొదలుకావాలి, సెక్షన్ 36. మూడు నెలలు దాటాక ఛార్జిషీటు వేస్తే ఆ సెక్షన్లు పోయి 325 ఒక్కటే మిగులుతుంది. రెండో నెలలో స్టేషన్‌కు పోయి కేసు ఎంతవరకు వచ్చిందో రాతపూర్వకంగా అడగండి.

సాక్ష్యం: కళేబరాలను పూడ్చనివ్వొద్దు. పూడ్చేశారంటే పోలీసుల ద్వారా తవ్వించి పోస్టుమార్టం చేయించాలి. పోస్టుమార్టం చేసే డాక్టరు కడుపు, కాలేయం, మూత్రపిండం ముక్కలను ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపేటప్పుడు గట్టి ఉప్పు ద్రావణంలో పెట్టాలి, ఫార్మలిన్‌లో పెట్టకూడదు. ఫార్మలిన్‌లో పెడితే విషం ఆనవాలు పట్టడం కష్టమవుతుంది. పైన ఆపరేషన్ అవయవాలకు ఫార్మలిన్ అన్నారు, అది లెక్క కోసం. రెంటినీ కలపొద్దు. సిరంజీలు, మాంసం ముక్కలు, బండి నంబరు, చెల్లింపు జరిగిన ఫోన్ ఖాతా, ఇవన్నీ పంచనామాలోకి రావాలి.

సుప్రీంకోర్టు ఆదేశాల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే ఊళ్లలో సగం సగం తిరుగుతున్నాయి. 2025 ఆగస్టు 22 ఆదేశం: ఆపరేషన్, టీకా అయిన కుక్కను పట్టిన చోటే వదలాలి, రేబిస్ ఉన్నవి, దాడి స్వభావం ఉన్నవి మినహా. నవంబర్ 7 ఆదేశం: బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, క్రీడా ప్రాంగణాల్లోంచి పట్టినవాటిని మళ్లీ అక్కడ వదలకూడదు, షెల్టర్‌కు తరలించాలి. అంటే మీ బడి ఆవరణకు ఒక నియమం, ఊరి వీధులకు ఇంకొకటి. రెండింటిలో ఎక్కడా చంపమని లేదు. బడికి ప్రహరీ, గేటు, మధ్యాహ్న భోజనం మిగులుకు మూత డబ్బా ముందు చూసుకోండి. తర్వాత వచ్చిన ఆదేశాలేమైనా ఉంటే ఎంపీడీఓ ఆఫీసులో అడిగి ఫైలులో పెట్టుకోండి.

జవాబు: హంటర్ రోడ్

హనుమకొండ టౌన్‌ల ఉన్నోళ్లకు కూడా పనికొస్తదని రాస్తున్న. గ్రేటర్ వరంగల్‌ల 66 డివిజన్లు. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి డివిజన్‌కు నాలుగు వార్డు కమిటీలు ఉండాలె: యువత, మహిళలు, పెద్దమనుషులు, ప్రముఖులు, ఒక్కోదాంట్ల 15 మంది. ఎన్నికలు లేకుంటనే లోపలికి పోయే తొవ్వ ఇది. సమావేశం పెడుతున్నరా లేదా అడుగుర్రి, పెడితే కుక్కల తిండి స్థలం ఏడ ఉండాలెనో ఆ కమిటీలనే తేల్చి రాతల పెట్టుర్రి. సుప్రీంకోర్టు ప్రతి మున్సిపల్ వార్డుల తిండి స్థలం గుర్తించాలన్నది. మనం చూపకపోతే ఎవలో ఆఫీసుల కూసోని ట్రాన్స్‌ఫార్మర్ కింద గుర్తిస్తరు.

2023 నిబంధనల ప్రకారం స్థానిక పర్యవేక్షణ కమిటీ ఉండాలె, కమిషనర్ అధ్యక్షుడు, ప్రజారోగ్యం, పశుసంవర్ధక శాఖ, జంతు సంక్షేమ సంస్థల మనుషులు సభ్యులు. సమాచార హక్కు కింద మూడే ప్రశ్నలు అడుగుర్రి: కమిటీ ఉత్తర్వు నకలు, గత పన్నెండు నెలల మినిట్స్, నెలవారీగ అవయవాల లెక్క రిజిస్టర్ నకలు. "ఎన్ని కుక్కలకు చేసిన్రు" అని అడగొద్దు, ఒక అంకె రాసి పంపుతరు. కాగితం అడగాలె. ఫీజు కార్పొరేషన్, జిల్లా స్థాయిల 10 రూపాయలు, మండలంల 5, గ్రామ పంచాయతీల ఏం లేదు. 30 రోజులు ఆగి మొదటి అప్పీలు.

ఇంకోటి, హనుమకొండ, వరంగల్ రెండు వేరే జిల్లాలు. జంతు హింస నివారణ సంఘం జిల్లాకొకటి ఉండాలని 2001 నిబంధనలు చెప్తున్నయ్. రెండు కలెక్టరేట్లల వేరువేరుగ అడుగుర్రి.

జవాబు: సభా వ్యవహారం

పై వాళ్లంతా కింది నుంచి చెప్పారు, అది అవసరమే. కానీ 1960 చట్టంలో 50 రూపాయల జరిమానా ఉన్నంతకాలం కొట్టడం లాంటి కేసుల్లో మీ పోలీసులకు చేతిలో ఏమీ ఉండదు, అది మారేది సభల్లోనే. 2022 నవంబర్‌లో కేంద్రం సవరణ బిల్లు ముసాయిదాను అభిప్రాయాల కోసం పెట్టింది. ఘోరమైన హింసకు 50,000 నుంచి 75,000 జరిమానా, మూడేళ్ల వరకు శిక్ష అందులో ఉన్నాయి. అది చట్టం కాలేదు.

జంతు హింస నివారణ ఉమ్మడి జాబితాలో 17వ అంశం. రాష్ట్రం కూడా సవరించుకోవచ్చు, రాష్ట్రపతి ఆమోదం కావాలి. జల్లికట్టు కోసం తమిళనాడు 2017లో ఈ దారిలోనే సవరించుకుంది, 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సమర్థించింది. ఆ సవరణ మనకు నచ్చినా నచ్చకపోయినా దారి రుజువైంది, అదే దారిలో తెలంగాణ జరిమానా పెంచుకోవచ్చు. అడగాల్సింది పశుసంవర్ధక మంత్రినీ, న్యాయశాఖనూ.

ఎమ్మెల్యే, ఎంపీ దగ్గరికి పోయేటప్పుడు వినతిపత్రం కాదు, ప్రశ్న రాసుకుని పోండి. లోక్‌సభ ప్రశ్నకు 15 పూర్తి రోజుల ముందు నోటీసు కావాలి. నక్షత్రం ఉన్నవి, అంటే మంత్రి సభలో నోటితో జవాబిచ్చేవి, రోజుకు 20 మాత్రమే, నక్షత్రం లేనివి 230. నక్షత్రం లేని ప్రశ్నే అడిగించండి, రాతపూర్వక జవాబు వస్తుంది, మనకు కావాల్సింది అదే. "తెలంగాణలో 2001 నిబంధనల ప్రకారం జంతు హింస నివారణ సంఘాలు ఏర్పడిన జిల్లాలెన్ని, లేని జిల్లాలకు గడువేమిటి" అన్నంత పొట్టిగా. పేజీన్నర ఆవేదన రాసిస్తే పీఏ టేబుల్ దాటదు. ఒక ప్రశ్నలో ఒక్క శాఖే ఉండాలి, రెండు శాఖలు కలిపితే అటూ ఇటూ తిరిగి పోతుంది.

కొత్తగా రాజకీయాల్లోకి వచ్చేవాళ్లు మొదటి అంశంగా మేడారంలో బలులనో, ఇంకో జాతర మొక్కులనో ఎత్తుకోవద్దు. బలులను నిషేధించే 1950 నాటి చట్టం తెలంగాణలో ఉన్నమాట నిజమే. కానీ దాంతో మొదలుపెడితే ఊరు మీ మిగతా మాటలేవీ వినదు, టీకా గురించి చెప్పినా వినదు. జాతరకు పోయే మేకల్ని వ్యాన్‌లో ఎలా ఎక్కిస్తున్నారు, అక్కడ నీళ్లున్నాయా అన్నది అడగొచ్చు. మోటారు వాహనాల నిబంధన 125ఈ గొర్రెకు, మేకకు తలా 0.3 చదరపు మీటర్ల జాగా ఇవ్వాలంటుంది. దాన్ని రవాణాశాఖతో అమలు చేయించడానికి ఎవరి నమ్మకాన్నీ నొప్పించనక్కర్లేదు.

ఇసుక బండ్ల ఎడ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు, ఎండాకాలం వస్తోంది కాబట్టి చెబుతున్నాను. 1965 నిబంధనలు ఉన్నాయి: రోజుకు తొమ్మిది గంటలకు మించి పని వద్దు, ఒక్క తీరున ఐదు గంటలకు మించి వద్దు, 37 డిగ్రీలు దాటే చోట పగలు 12 నుంచి 3 వరకు బండి కట్టకూడదు. మన దగ్గర మార్చి ఆఖరు నుంచే 37 దాటుతుంది. కలెక్టర్ ఏటా ఇచ్చే వడదెబ్బ జాగ్రత్తల ఉత్తర్వులో ఈ ఒక్క వాక్యం చేర్చమని ఫిబ్రవరిలోనే పశుసంవర్ధక శాఖ జిల్లా అధికారితో నోట్ పెట్టించండి. ఊళ్లో చాటింపు వేయించండి, వాగు నుంచి ఊరికి వచ్చే దారిలో నీటి తొట్టికి ట్యాప్ పెట్టించండి. తొట్లు చాలా ఊళ్లలో ఉపాధి పనుల్లో కట్టినవే ఉన్నాయి, నీళ్ల కనెక్షన్ లేక ఎండిపోయి ఉంటాయి.

తమ్ముడి విషయంలో నేను పశువుల దవాఖాన గారితో పూర్తిగా ఏకీభవించను. పశువైద్యుడి సంతకం సాక్ష్యం ఇస్తుంది, డబ్బు కదిలించదు. గ్రూప్-1లో ఎంపీడీఓ, మున్సిపల్ కమిషనర్ పోస్టులున్నాయి, గ్రూప్-2లో మూడో గ్రేడ్ కమిషనర్. బడ్జెట్‌లో పద్దు తెరిచేది, టెండర్ షరతులు రాసేది ఆ సీట్లు. పశువైద్యం తెలిసినవాడు ఆ సీట్లో కూర్చుంటే 50 గదుల లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే ఒకటి, ఉద్యోగంలో చేరాక ప్రవర్తనా నియమావళి ప్రకారం పార్టీ రాజకీయాలు కుదరవు. మీరు పంచాయతీలో, ఆయన ఉద్యోగంలో ఉంటే ఇంట్లో రెండు వైపులా ఉన్నట్టే, కానీ ఆయన పేరుతో మీరు ఏ ఆఫీసులోనూ పని అడగొద్దు.

ప్రశ్న అడిగినవారు: పరకాల వార్డు మెంబర్

అందరికి దండాలు. టీకా, మాంసం షాపుల షరతు వచ్చే సమావేశంల పెట్టిస్త. ఆపరేషన్ల తీర్మానం ఎట్ల రాయాలెనో ఎవరన్న చెప్తే కార్యదర్శికి ఇస్త. కోతుల సంగతి కూడ ఒక ముక్క చెప్పుర్రి.

జవాబు: ఫైలు నడక

కోతుల్ని పంచాయతీ సొంతంగా పట్టించొద్దు, అటవీశాఖ ద్వారానే పోవాలి. నిర్మల్ జిల్లా చించోలిలో కోతులకు సంతాన నియంత్రణ, పునరావాస కేంద్రం 2020 నుంచి ఉంది. అక్కడికి పంపించి ఆపరేషన్ చేయించే పద్ధతిని జిల్లా అటవీ అధికారికి (డీఎఫ్ఓ) రాసి అడగండి. తలకు ఇంత అని తీసుకుని పట్టేవాళ్లు చాలాసార్లు పక్క మండలం శివారులో వదిలిపోతారు, బోనులో కుక్కిన కోతులు దారిలోనే చస్తాయి.

తీర్మానం ఇలా ఉంటే సరిపోతుంది, మండల పేరు, తేదీలు, మీ కుక్కల లెక్కకు తగ్గ వాటా మొత్తం మీరు నింపుకోండి:

"గ్రామ పంచాయతీ పరిధిలోని వీధికుక్కలకు జంతు జనన నియంత్రణ నిబంధనలు 2023 ప్రకారం సంతాన నియంత్రణ శస్త్రచికిత్స మరియు రేబిస్ టీకా చేయించుటకు, మండలంలోని ఇతర గ్రామ పంచాయతీలతో కలిసి ఉమ్మడిగా పని చేపట్టుటకు, తమ వాటా 1,38,600 రూపాయలకు మించకుండా వెచ్చించుటకు తీర్మానించడమైనది. ఈ పని భారత జంతు సంక్షేమ బోర్డు నుండి మన జిల్లాకు అమలులో ఉన్న ప్రాజెక్టు గుర్తింపు పత్రం కలిగిన సంస్థచే మాత్రమే చేయించవలెను. వీధుల్లో పట్టిన ప్రతి కుక్కను పట్టిన వీధిలోనే వదలవలెను. పాఠశాల, ఆరోగ్య కేంద్రం ఆవరణలలో పట్టిన వాటి విషయంలో సుప్రీంకోర్టు ఆదేశాలను పాటించవలెను. చెల్లింపు పర్యవేక్షణ కమిటీ ధృవీకరించిన అవయవాల లెక్కకు లోబడి ఉండును. గుర్తింపు పత్రం లేని ఏ వ్యక్తికిగాని, ముఠాకుగాని కుక్కలను పట్టుటకు, తరలించుటకు, చంపుటకు పంచాయతీ నిధుల నుండి ఏ పద్దు కింద కూడా చెల్లింపు చేయరాదని తీర్మానించడమైనది."

ఆఖరి వాక్యాన్ని కార్యదర్శి "ఇది అవసరమా" అంటారు. తీసేయనివ్వొద్దు. కుక్కల లెక్క జతచేయండి: ఒకే బృందం, రెండు రోజులు వరుసగా, తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఏడు వరకు, వీధివారీగా, ఆడ, మగ, పిల్లలు వేరుగా. రెండు రోజుల్లో ఎక్కువ వచ్చిన అంకె తీసుకోండి. లెక్క లేని తీర్మానాన్ని ఎంపీడీఓ వాపస్ పంపుతారు. నకళ్లు నాలుగు: ఎంపీడీఓకు, జిల్లా పంచాయతీ అధికారికి (డీపీఓ), మండల పశువైద్యాధికారికి, ఒకటి మీ దగ్గర, అన్నింటి మీద ఇన్‌వర్డ్ నంబరు వేయించండి.